వెర్డెల్ వెతికిన ఆ ఒక్కరు

వెర్డెల్ కుచేరాకు మనుషులు కనిపించరు, గడులు కనిపిస్తాయి. ఎదురుగా ఎవరు నిలబడినా సరే, జనాభా లెక్కల పట్టికలో వాళ్లు ఏ గడిలోకి వస్తారో తేల్చుకుంటే గాని ఆవిడకు ఊపిరాడదు. పేరు, ఆరోగ్యం, వానల సంగతి అన్నీ ఆ తర్వాతే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జిల్లాల్లాంటి కౌంటీలు తొంభై మూడున్నాయి. తొంభై మూడింటిలోనూ తెల్లవాళ్లు ఎందరు, నల్లవాళ్లు ఎందరు, ఆదివాసులు ఎందరు, ఆసియావాళ్లు ఎందరు అన్నది ఆవిడకు కంఠతా వచ్చు. తను కన్న ముగ్గురు పిల్లల పుట్టినరోజులు మాత్రం గోడమీది క్యాలెండరు చూసి చెబుతుంది.

మా వోల్ట్‌నర్ కౌంటీ కచేరీలో ఆవిడ గుమాస్తా. నలభై రెండేళ్ల సర్వీసు. నడవాకు ఇవతల, భూముల పన్ను గదిలో నేను. మధ్యన ఉన్నది పన్నెండడుగులు. ఆవిడ గొంతుకు అదొక దూరం కాదు.

"ఏమోయ్, విన్నావా? కార్వర్ కౌంటీలో ఆసియావాళ్లు పదకొండు మంది పెరిగారు!"

"సంతోషం."

"సంతోషం కాదోయ్, అందులో ఏడుగురు ఒకే ఇంట్లోవాళ్లు. అత్తగారు కూడా వచ్చేసింది."

"అత్తగారి సంగతి పట్టికలో ఉందా?"

"పట్టికలో ఎందుకుంటుంది? అక్కడి గుమాస్తాకు ఫోను చేశాను."

"దేనికి?"

"దేనికేమిటి, తెలుసుకోవద్దూ?"

ఇక మా కౌంటీ వైవిధ్యం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. జనాభా రెండు వేల నూట నలుగురు. వందమందో నూటయాభై మందో తప్ప అందరూ తెల్లవాళ్లే. కాగితం మీద చూసినవాళ్లకు మేమంతా ఒకటే అనిపిస్తుంది. ఎంత అజ్ఞానం! మాలో చెక్ వాళ్లున్నారు, జర్మన్లున్నారు, స్వీడన్ వాళ్లున్నారు. వందేళ్లపాటు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లకుండా, శ్మశానాలు కూడా వేరువేరుగా కట్టుకుని, నాగరికంగా బతికాం. మా నాన్న చెక్, మా అమ్మ స్వీడన్ పిల్ల. ఆ పెళ్లి మా కౌంటీ చరిత్రలో తొలి జాతిసమ్మేళనం. తాతలిద్దరూ దానికి సమానంగా ఎగ్గొట్టి తమ నిష్పక్షపాతాన్ని చాటుకున్నారు. ఇలాంటి మహనీయులందరినీ ప్రభుత్వంవారు 'తెల్లవాళ్లు' అని ఒకే గడిలో కుక్కేశారు. తొంభై ఏళ్ల మా చెక్ తాత ఆ పట్టిక చూసి, "ఆ స్వీడన్ లూథరన్లతో ఒకే గడిలోనా? నేనుండను గాక ఉండను" అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. మరుసటేడే పోయాడు.

సమాధి దగ్గర వెర్డెల్ నా చెయ్యి పట్టుకుని, "చాలా బాధగా ఉందోయ్" అని, వెంటనే "ఒకటి తగ్గింది" అంది. అందులో ఏది తాత గురించో, ఏది పట్టిక గురించో నాకిప్పటికీ తెలియదు.

మా చర్చికి కొత్త ఫాదర్ వచ్చిన మొదటి ఆదివారం, ఆయన గుమ్మం దగ్గర నిలబడి అందరి చేతులూ కలుపుతున్నాడు. వెర్డెల్ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఫాదర్, మీరు పుట్టిందెక్కడ?"

"ఒమాహాలోనమ్మా."

"మీ అమ్మగారు?"

"ఆవిడా ఒమాహాలోనే."

"అమ్మమ్మగారు?"

"లెబనాన్‌లో."

వెర్డెల్ తేలిగ్గా నిట్టూర్చి చెయ్యి వదిలింది. "లెబనాన్ అయితే పట్టికలో తెల్లగడే. ఇక వెళ్లి ప్రసంగం చెప్పుకోండి."

ఇలా సాగిపోతున్న జీవితంలో కొత్త లెక్కలు వచ్చిపడ్డాయి. ఆ ఉదయం నడవా అవతలి నుంచి కేక వినిపించింది. ఎవరో పోయారనుకుని పరుగెత్తాను. పట్టికలో 'పసిఫిక్ దీవులవాళ్లు' అన్న గడి మీద వేలు పెట్టి కూర్చుంది. అక్కడ నలభై ఏళ్లుగా సున్నా ఉండేది. ఇప్పుడు ఒకటి ఉంది.

"ఎవరిది?" అంది, దొంగతనం జరిగిన ఇంట్లో చెప్పు దొరికినట్టు.

"నాకేం తెలుసు?"

"నా కౌంటీలో, నాకు తెలియకుండా, ఒక మనిషా?"

పైఆఫీసుకు ఫోను చేసింది. అవతలి కుర్రాడు మర్యాదస్థుడు. చిన్నచిన్న అంకెల వల్ల ఫలానా మనిషి ఎవరో బయటపడకుండా వాటిని కావాలనే కాస్త అటూ ఇటూ కదుపుతామనీ, అంచేత ఆ ఒక్కరు నిజంగా ఉండవచ్చు, లేకపోనూవచ్చు అనీ వివరించాడు.

"అంటే లేని మనిషిని నా కౌంటీలో పెట్టారా నాయనా?"

"పెట్టి ఉండవచ్చు మేడమ్. లేదా ఉన్నవాళ్లను తీసేసి ఉండవచ్చు."

వెర్డెల్ ఫోను పెట్టేసి నావైపు చూసింది. "ఉన్నారో లేరో తెలియని మనిషికి భోజనం ఎవరు పెడతారోయ్?"

నేను దాన్ని పిచ్చి కింద జమకట్టి నా గదికి వచ్చేశాను. అక్కడే నా తెలివి బయటపడింది.

నెల తిరక్కుండానే ఆవిడ పరిశోధన ఫలించింది. మా ఊరి కిరాణా కొట్టులో ఏడాదికి నాలుగు బియ్యం సంచులు అమ్ముడైతే గొప్ప. ఎవరో ఒకరు నెలనెలా పెద్ద సంచి ఒకటి పట్టుకెళుతున్నారట. వెర్డెల్ మూడు శనివారాలు బియ్యం అర ముందు, చేతిలో ఒకే మొక్కజొన్న డబ్బా పట్టుకుని కాపలా కాసింది. మూడో శనివారం ఒక యువతి వచ్చి సంచి భుజానికెత్తుకుంది. వెర్డెల్ ఎదురుగా వెళ్లి నిలబడి అడిగింది.

"ఆ ఒక్కదానివి నువ్వేనా?"

ఆ అమ్మాయి సంచి అక్కడే పడేసి పారిపోయింది. వెర్డెల్ సంచి కొని, కార్లో వేసుకుని వెంటపడింది. మర్నాడు గుడ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర. ఆ మర్నాడు బట్టలుతికే కొట్టు దగ్గర. నాలుగో రోజున షెరీఫ్‌కు ఫిర్యాదు అందింది. 'గోధుమరంగు కారులో ఒక ముసలావిడ నా వెంట పడుతోంది. ఆవిడ దగ్గర జాబితా ఉంది. నా బియ్యం కూడా ఆవిడ దగ్గరే ఉన్నాయి.'

షెరీఫ్ ఆ కాగితాన్ని చదివి, గంటసేపు నవ్వి, కౌంటీ బోర్డుకు పంపాడు. బోర్డు అధ్యక్షుడు డ్వైట్ ఎగ్గర్స్ నవ్వలేదు. ఆయన పందుల పెంపకందారు. నవ్వడానికి ముందు నాలుగైదు రోజులు ఆలోచిస్తాడు. పైగా వెర్డెల్ మీద అది మొదటి ఫిర్యాదు కాదు. ఈసారి తేలకపోతే ఆవిడను ఇంటికి పంపించడమే అని బోర్డు నోటీసు అంటించింది. పదవీ విరమణ ఎనిమిది నెలల్లో ఉంది. నలభై రెండేళ్లు చేసి, చివరికి బియ్యం దొంగగా బయటికి నడవాలి.

మంగళవారం ఉదయం పది గంటలకు విచారణ. ఆ అమ్మాయి పేరు లీజోన్. పసిఫిక్‌లోని మార్షల్ దీవుల పిల్ల. ఫ్యాక్టరీలో గుడ్లు వేరుచేసే పని. లేచి, చాలా నెమ్మదిగా చెప్పింది.

"నేను రెండేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నా. రెండేళ్లలో ఎవరూ నాతో మాట్లాడలేదు. పోనీలే అనుకున్నా. ఇప్పుడీవిడ రోజూ వెంటపడుతోంది. దీన్ని పోనీలే అనుకోలేను."

మేమందరం నేలవైపు చూశాం. ఆ రోజు ఆ నేలలో చూడదగ్గ విశేషం ఏదీ లేదు.

"వెర్డెల్, నువ్వేమంటావు?" అన్నాడు డ్వైట్.

ఆవిడ నోరు తెరిచేలోగా వెనక బెంచీ నుంచి పశువుల డాక్టరు దాంగ్ లేచాడు. "అధ్యక్షా, ఈవిడ మీద నాకూ ఒక ఫిర్యాదుంది. నలభై ఏళ్ల కిందటిది."

"ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా?"

"మీ పందులకు సూదులు వేస్తున్నాను. మేం వియత్నాం నుంచి వచ్చినప్పుడు ఈ కౌంటీలో మాది ఒకటే ఇల్లు. ఈవిడ వచ్చి, 'ఆ నలుగురూ మీరేనా?' అని అడిగి, ఆదివారం నాడు మా నలుగుర్నీ కారెక్కించుకుంది. ఎక్కడికో చెప్పలేదు. చెప్పినా మాకు భాష రాదు. దేశం నుంచి వెళ్లగొడుతున్నారనుకుని మా అమ్మ దారంతా ఏడ్చింది. మూడు గంటల తర్వాత బ్రాంట్ కౌంటీలో దిగాం. అక్కడ ఆరిళ్లవాళ్లు మావాళ్లే, పెద్ద గుండిగలో ఎముకల పులుసు కాస్తున్నారు."

"మరి ఫిర్యాదేమిటి?"

"మా అమ్మ తిరుగుదారంతా ఆ పులుసు కాయడం వాళ్లకు చేతకాదని తిట్టిపోసింది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను అదే మొదటిసారి చూడటం. ముందే చెప్పి ఉంటే ఆ మూడు గంటల ఏడుపు తప్పేది. అదీ ఫిర్యాదు."

తలుపు దగ్గర నుంచి సూడాన్ మెకానిక్ ఇద్రీస్ చెయ్యెత్తాడు. "నన్నూ తీసుకెళ్లింది. దారి తప్పి పక్క రాష్ట్రం కాన్సాస్‌లో తేలాం."

డ్వైట్ కళ్లజోడు తీశాడు. "అంటే వెర్డెల్, తొంభై మూడు కౌంటీల లెక్కలూ నువ్వు బట్టీపట్టింది..."

"ఎవరివాళ్లు ఎక్కడున్నారో తెలియాలి కదయ్యా! సరదాకనుకున్నావా?"

"అందరం సరదాకే అనుకున్నాం."

"మీకు బుద్ధి లేకపోతే నేనేం చెయ్యను?" అని లీజోన్ వైపు తిరిగింది. "చూడు తల్లీ. సోల్బీ కౌంటీ. పసిఫిక్ దీవులవాళ్లు ముప్పై ఒక్కరు. అందరూ మీ మార్షల్ దీవులవాళ్లేనని అక్కడి గుమాస్తా చెప్పాడు. నూట పన్నెండు మైళ్లు. ఆదివారం పదింటికి ప్రార్థన, తర్వాత భోజనాలు. ఈ ముక్క చెబుదామని మూడుసార్లు వస్తే మూడుసార్లూ పారిపోయావు."

"ముప్పై ఒక్కరా?" అంది లీజోన్. "మా భాషే మాట్లాడుకుంటారా?"

"నాకేం తెలుసమ్మా? పట్టికలో ఆ గడి లేదు."

"ఎన్నింటికి బయల్దేరాలి?"

"ఏడింటికి."

"మరి ఫిర్యాదు?" అన్నాడు డ్వైట్, పద్ధతి తప్పని మనిషి.

"సోమవారం దాకా ఆపండి. ఈవిడ బండి ఎలా నడుపుతుందో చూసి చెప్తా."

సోమవారం ఉపసంహరణ పత్రం వచ్చింది. 'కారణం' అన్నచోట 'ముప్పై ఒక్కరు' అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాలతో, 'కారు నడపడం గురించి విడిగా మాట్లాడాలి' అని ఉంది.

అక్టోబరుకల్లా లీజోన్ సోల్బీలో పని చూసుకుంది. అద్దె ఇల్లు చూసిపెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. సామాను ఎక్కించే రోజున బోర్డు సభ్యులు ఐదుగురూ వచ్చారు. రెండేళ్లపాటు ఒక్క మాట మాట్లాడని కౌంటీ, వెళ్లిపోయే రోజున మాత్రం ఎంతో ఆప్యాయంగా కాళ్లకు అడ్డం పడింది. సోఫాకు ఒక కొస డ్వైట్ పట్టుకున్నాడు, ఇంకో కొస నేను.

"పదేళ్లకోసారి జనాభా ఎందుకు తగ్గిపోతోందా అని తలబాదుకున్నాను" అని రొప్పాడు డ్వైట్. "మన కచేరీలో కూర్చుని మనమే పంపిస్తున్నామన్నమాట!"

"నేను తీసుకెళ్లినవాళ్లలో సగంమందే అక్కడ ఉండిపోయారు" అంది వెర్డెల్, బియ్యం సంచిని ముందు సీట్లో పెట్టి బెల్టు బిగిస్తూ.

"వెర్డెల్, అంత వెతికావు. నీ గడి మళ్లీ సున్నా అయిపోతోంది కదా?" అన్నాను నేను.

ఆవిడ నన్ను ఏ గడిలోనూ పట్టని మనిషిని చూసినట్టు చూసింది.

"కబుర్లు తర్వాత. ముందు ఆ సోఫా గోడకు రాసుకోకుండా దించండి. ముప్పై రెండో మనిషి కూర్చోవలసిన సోఫా అది."