కడిగిన తుపాకీ

రాజేశం మొదటిసారి తుపాకీ పట్టుకునేనాటికి అతనికి నలభై రెండేళ్ళు. అంతకు ముందు అతను దగ్గరనుంచి చూసిన తుపాకులు రెండే. ఒకటి కోరుట్ల పోలీస్ స్టేషన్‌లో గోడకు ఆనించి ఉన్నది, ఇంకొకటి బాంబే విమానాశ్రయంలో నిద్రపోతున్న జవాను ఒళ్ళో ఉన్నది. రెండూ పేలేవిగా కనిపించలేదని చెప్పేవాడు.

అతను టర్నర్. కోరుట్లలో ఆయిలింజన్లు బాగుచేసే షాపులో లేతు మిషన్ మీద పదేళ్ళు పనిచేసి, ఎనభై తొమ్మిదిలో ఖతర్ వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో అతన్ని పెట్టుకున్న కంపెనీ కిటికీ గ్రిల్సు, గేట్లు చేసేది. ఇనుప ముక్కను బొటనవేలితో తడిమి వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పగలిగేవాడు రాజేశం. గేట్లకు అంత నైపుణ్యం అవసరం లేదు. వెంట్రుకవాసి కాదు కదా, వేలెడు తేడా వచ్చినా సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే గేటు సర్దుకునేది. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. రాత్రిళ్ళు క్యాంప్‌లో పన్నెండుమంది ఉండే గదిలో, పై బెర్తు మీద, ముక్కుకు మూరెడు దూరంలో పక్కవాడి పాదాలు పెట్టుకుని పడుకునేవాడు.

తొంభై ఎనిమిది ఆగస్టులో కంపెనీ యజమాని తోటలో నీళ్ళ పంపు చెడిపోయింది. యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. తోట అల్ ఖోర్ దారిలో ఉంది. ఖర్జూరం చెట్లు, పశువులకు గడ్డి, కొన్ని మేకలు. రాజేశం వెళ్ళి ఒక్క పూటలో పంపు బాగుచేశాడు. మర్నాడు జెనరేటర్, ఆ మర్నాడు మేకల దొడ్డి తలుపు. అర్బాబ్ అతన్ని తిరిగి పంపడం మర్చిపోయాడు. తోటలో అతనికి ఒక గది దొరికింది. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. అందులో ఏసీ లారీలాగా మోగేది. కానీ గది అతనొక్కడిదే. లోపలినుంచి గొళ్ళెం పెట్టుకోవచ్చు.

ఈ సంగతి భార్యకు రాశాడు. గల్ఫంతా దుబాయే అనుకునే ఎల్లవ్వ నుంచి పలచటి కాయితం మీద జవాబు వచ్చింది: "నీకు గది ఇచ్చిన్రని రాసినవు. దుబాయ్‌ల అందరికీ గదులే ఉంటయనుకున్న. మరి ఇన్నేండ్లు యాడ పన్నవు?"

రాజేశం ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అర్బాబ్‌కు యాభై ఏళ్ళుంటాయి. భారీ మనిషి, మంచివాడు. రెండు విషయాలు తప్ప మిగతా అన్నీ సహించేవాడు. ఒకటి బావమరిది చేతిలో ఓడిపోవడం, రెండోది ఓడిపోయినట్టు ఒప్పుకోవడం. చలికాలం వస్తుందనగా ఇద్దరూ తోట వెనక ఇసుక దిబ్బ దగ్గర పందెం వేసుకునేవారు. యాభై గజాల దూరంలో అట్టముక్క, దాని మీద గీసిన గుండ్రం, మనిషికి అయిదు తూటాలు. తర్వాత కుందేళ్ళ వేటకు పోయేవారు. అర్బాబ్ దగ్గర ఉన్నది పాయింట్ టూ టూ రైఫిల్. చిన్న తూటా, చిన్న చప్పుడు. అయిదు తూటాలు పేలిస్తే ఒకటి అట్టముక్కకు తగిలేది, ఒకటి ఇసుకకు తగిలేది, మిగతా మూడింటి ఆచూకీ తెలిసేది కాదు.

"బందూక్ ఖర్బాన్!" అనేవాడు అర్బాబ్, చెడిపోయిందని. రెండేళ్ళుగా తప్పంతా తుపాకీదే.

సెప్టెంబరు రెండో వారంలో ఆ తుపాకీ తెచ్చి రాజేశం చేతిలో పెట్టాడు. తర్వాత అరబ్బీలో ఏదో చెప్పి కారెక్కాడు. డ్రైవరు ఇక్రాముద్దీన్ హైదరాబాదువాడు. దిగి వచ్చి రాజేశానికి తర్జుమా చేశాడు.

"అక్టోబర్ రెండు, జుమ్మా నాడు బావమరిది వస్తడంట. అప్పటికి బందూక్ సీదా కొట్టాలె. కొడితే నువ్వు ఈడ్నే పర్మనెంటు. లేకపోతే రాస్ లఫాన్‌ల కొత్త కాంట్రాక్ట్ వచ్చింది, షట్టరింగ్ పని, ఆడి క్యాంపుకు."

"నేను టర్నర్‌ను ఇక్రాం భాయ్. నాకు తుపాకి గురించి ఏం దెల్సు?"

"ఆయనకు మాత్రం ఏం దెల్సు? గొట్టం ఉన్నది, స్క్రూలున్నయి. పంపు అనుకో."

రాజేశం దాన్ని పంపు అనే అనుకున్నాడు. అర్బాబ్ ఒక్క షరతు పెట్టాడు, ఇసుక దిబ్బ వైపే పేల్చాలి. మనిషి చేతిని నమ్మడం రాజేశానికి అలవాటు లేదు. పాత బల్లకు ఇనుమును కదలకుండా పట్టే వైస్ బిగించి, ట్రాక్టర్ ట్యూబు ముక్కలు చుట్టి, తుపాకీ చెక్కను అందులో ఇరికించాడు. ట్రిగ్గర్‌కు తాడు కట్టి లాగాడు. అయిదు తూటాలకు అట్టముక్క మీద అయిదు రంధ్రాలు, జానెడు వెడల్పున చెదిరిపోయి ఉన్నాయి. అప్పుడతనికి ధైర్యం వచ్చింది. తప్పు కొంత నిజంగానే తుపాకీదని తేలింది.

చెక్కను, ఇనుమును కలిపే స్క్రూలు రెండూ ఎండకు వదులైపోయి ఉన్నాయి. బిగించాడు. గొట్టం చెక్కకు ఎక్కడా తగలకూడదని అతనికి అనుమానం. తగిలితే పేలినప్పుడల్లా అటో ఇటో నెడుతుంది. ఎల్లవ్వ ఉత్తరం తీసి గొట్టం కింద దూర్చి లాగి చూశాడు. ఎడమవైపు సగంలో ఇరుక్కుంది. ఉత్తరం చిరిగింది. సాండ్ పేపర్‌తో చెక్కను రెండు రోజులు అరగదీశాడు. జానెడు వెడల్పు కాస్తా బెత్తెడు అయింది. అంతకంటే తగ్గలేదు.

కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు సుధాకరరావుది కాకినాడ. అల్ ఘర్రాఫాలో విల్లా, భార్య ఇందిరాదేవి, కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో సంపాదించిన సి సర్టిఫికెట్ ఆయన ఆస్తులు. ఆ సర్టిఫికెట్ మాట ఎత్తకుండా ఎవరితోనూ పది నిమిషాలు మాట్లాడలేకపోయేవాడు. తుపాకీ సంగతి తెలిసి శుక్రవారం నాడు తనంతట తనే కారేసుకుని వచ్చాడు.

"ఏమయ్యా రాజేశం, తుపాకీని వైస్‌లో బిగించావా? దీన్ని భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చాలయ్యా."

"వైస్ ఊపిరి దీయది సారు."

సుధాకరరావు మాట మార్చాడు. "తూటాలేవి?"

రాజేశం పాలపొడి డబ్బా తెచ్చి మూత తీశాడు. డబ్బా నిండా తూటాలు.

"ఇవన్నీ ఒకే రకమా?"

"అల్మారిల ఏడెనిమిది చిన్న డబ్బాలుండె సారు, అడ్డదిడ్డం. అన్ని ఒక్కదాంట్ల పోసి సక్కగ పెట్టిన."

క్యాంప్‌లో పన్నెండుమందీ తెచ్చుకున్న కందిపప్పు ఒకే డబ్బాలో పోసుకునేవారు. చోటు కలిసివస్తుంది, పురుగు పట్టిందేమో ఒకేసారి చూసుకోవచ్చు. ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది.

సుధాకరరావు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కొంప ముంచావు కదయ్యా! ఈ తూటాలో నిప్పు పుట్టించే మందు ఎక్కడుంటుందో తెలుసా? అడుగున ఈ అంచులో. పిన్ను అంచు మీద కొడితే అంటుకుంటుంది. అంచు మందంలో రవ్వంత తేడా వచ్చినా దెబ్బ మారిపోతుంది. ఒక్క కంపెనీ సరుకే లాటుకో రకంగా ఉంటుంది. ఏ విడతలో చేశారో ఆ లాట్ నంబరు డబ్బా మీద ఉంటుంది. ఆ డబ్బాలు?"

"పొయ్యిల పెట్టిన."

"నేనైతే ఈ పని చేసినవాణ్ణి రిజెక్ట్ చేసేవాణ్ణి."

"ఆల్రెడీ రాస్ లఫాన్ పేరు రాసి పెట్టిన్రు సారు. మీరేం తిప్పలు పడకున్రి."

ఆ వారమంతా రాజేశం తూటాల అడుగున ఉన్న ముద్రలు చూసి వేరుచేశాడు. మైక్రోమీటరుతో అంచులు కొలిచాడు. కొలవకముందే బొటనవేలితో తడిమి చెప్పి, తర్వాత కొలిచి సరిచూసుకునేవాడు. తొమ్మిదేళ్ళ తర్వాత బొటనవేలికి పని దొరికింది. రంధ్రాలు కొంచెం దగ్గరపడ్డాయి. కానీ కుదురు లేదు. ఒక అయిదు ముద్దగా పడితే తర్వాతి అయిదు విడిపోయేవి. చివరికి అర్బాబ్ కారు డిక్కీలో ఇక్రాముద్దీన్‌కు విప్పని డబ్బాలు రెండు దొరికాయి. రెండింటి మీదా ఒకే లాట్ నంబరు. నూరు తూటాలు. పేల్చి పేల్చి పరీక్షించారు. బుధవారం సాయంత్రం అయిదుకు అయిదు తూటాలూ ఒకే చోట పడ్డాయి. యాభై దిర్హమ్‌ల బిళ్ళ పెడితే అన్నీ కప్పుకుపోయాయి. ఇరవై నాలుగు తూటాలు మిగిలాయి.

రాజేశం తుపాకీని వైస్‌లోంచి తీసి మంచం మీద పడుకోబెట్టాడు. తను కింద పడుకున్నాడు.

మర్నాడు దసరా.

దసరా నాడు పనిముట్టుకు పూజ చేయని టర్నర్ లేడు. కోరుట్లలో ఆ రోజు లేతు మిషన్ కడిగి, తుడిచి, బొట్టు పెట్టేవారు. క్యాంప్‌లో స్క్రూడ్రైవర్‌కు చేసేవారు. ఈసారి ఏకంగా ఆయుధమే చేతికొచ్చింది. పైగా తోట గట్టు మీద అరబ్బులు ఘాఫ్ అని పిలిచే చెట్టు ఉంది. ఆకు చూడగానే రాజేశం అది జమ్మి అని గుర్తుపట్టాడు. ఆయుధం, జమ్మి, దసరా మూడూ ఒక్కచోట చేరితే ఊరుకోవడం ఎవరివల్ల అవుతుంది?

సాయంత్రం డ్యూటీ దిగి సుధాకరరావు పులిహోర గిన్నెతో వచ్చాడు. "మా ఇందిర పంపించింది. ఏమయ్యా, గొట్టం లోపల చూశావా? మసి, మైనం. ఇలాంటి ఆయుధానికి పూజ చేస్తావా? మా హవల్దారైతే మైదానం చుట్టూ పది చుట్లు పరిగెత్తించేవాడు."

"అవు సారు. తానం జేయించకుంట బొట్టెట్ల పెడ్తం?"

ఇద్దరూ కూచుని బనీను ముక్కలు చేసి, సన్న కడ్డీకి చుట్టి, కిరోసిన్‌తో గొట్టం కడిగారు. బనీను తెల్లగా వచ్చేదాకా కడిగారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఇక్రాముద్దీన్ కారుకు ఆనుకుని పులిహోర తింటూ, "బందూక్‌కు గుస్ల్ అయింది, తానం జేయించిన్రు గద, ఇంక షాదీ చేయండి" అన్నాడు.

శుక్రవారం ఉదయం బావమరిది తన రైఫిల్‌తో వచ్చాడు. ముందు అతనే పేల్చాడు. అయిదూ గుండ్రంలోనే, అరచేతి వెడల్పున పడ్డాయి. తర్వాత అర్బాబ్ చాప మీద బోర్లా పడుకుని, ఇసుక సంచీ మీద తుపాకీ ఆనించి, నింపాదిగా అయిదు పేల్చాడు. అట్టముక్క మీద కోళ్ళకు నూకలు చల్లినట్టు పడ్డాయి. ఒకటి అసలు పడనే లేదు.

బావమరిది తలగుడ్డ జారిపోయేలా నవ్వాడు. అర్బాబ్ నవ్వలేదు. తల తిప్పి రాజేశం వైపు చూశాడు.

రాజేశం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. బుధవారానికీ శుక్రవారానికీ మధ్య ఏం మారింది? స్క్రూలు అవే. చెక్క అదే. తూటాలు అదే లాటువి. ఇసుక సంచీ మీద అర్బాబ్ చెయ్యి వణకలేదు. మారింది ఒక్కటే. ఆ సంగతి తట్టగానే అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇక్రాం భాయ్, అర్బాబ్‌కు చెప్పు. ఇంకో తొమ్మిది పదీ గురి సూడకుంట దిబ్బలకు కొట్టమను. తర్వాత అట్టకు కొట్టమను."

"దిమాగ్ ఉన్నదా నీకు? బావమరిది ముంగట ఇసుకను కొట్టమంటనా? ఎందుకని అడుగుతడు కదా."

"నిన్న కడిగినం గద. గుండ్ల మీద మైనం ఉంటది, అది గొట్టంల పూత లెక్క పడుతది. మనం పూత మొత్తం దీసేసినం. కడిగిన పెంక మీద మొదటి అట్టు అంటుకపోతది. రెండు మూడు పోయినంక సక్కగొస్తది."

ఇక్రాముద్దీన్ అర్బాబ్ వైపు నడిచాడు. పూజ సంగతి మింగేశాడు. అర్బాబ్ పక్కన గొంతుక్కూచుని, రగాగ్ రొట్టె చేసే పెనాన్ని గురించి మొదలుపెట్టాడు. బాగా తోమిన పెనం మీద అమ్మ పోసిన మొదటి రొట్టె ఎలా చిరుగుతుందో, దాన్ని పిల్లలకో మేకకో ఎలా వేస్తారో, చేతులు తిప్పుతూ చెప్పాడు. అర్బాబ్ వింటూ మొహం చిట్లించాడు. తర్వాత రొట్టె మాట నిజమేనన్నట్టు తల ఊపాడు.

దిబ్బలోకి పది తూటాలు పేల్చాడు. బావమరిది ప్రతిదానికీ "వల్లాహ్, ఇసుక చచ్చింది!" అన్నాడు.

పదకొండోది కొత్త అట్టముక్కకు కొట్టాడు. తర్వాత నాలుగు. ఇక్రాముద్దీన్ పరిగెత్తుకెళ్ళి అట్టముక్క పీకి తెచ్చాడు. అయిదు రంధ్రాలూ కలిసి ఒక్క చిరుగు అయ్యాయి. ద్రాక్షపండు పెడితే సరిపోయేంత.

బావమరిది నవ్వు ఆపేశాడు. అట్టముక్కను ఎండలోకి ఎత్తి చూశాడు. తుపాకీ తీసుకుని బరువు చూశాడు, గొట్టం నిమిరాడు, మాషాల్లా అన్నాడు. ఇలాంటి తుపాకీ తన జన్మలో చూడలేదన్నాడు. అర్బాబ్ గుండెలు పొంగిపోయి, పొంగిన ఊపులో ఏదో అనేశాడు. అనేశాక నోరు మూసుకున్నాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. బావమరిది తుపాకీని తన కారులో పెట్టుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు రాజేశం.

"ఇచ్చేసిండు. ఇంటికొచ్చిన మెహమాన్ మెచ్చుకున్న సామాన్, తీస్కో అనాలె. ఈళ్ళ పద్ధతి, రివాజ్."

"ఓడినాయన నువ్వు గెలిచినవు, పండుగ జేస్కో అనాలె గని, తుపాకి ఇచ్చుడేంది?"

"నన్నడుగుతవా? నీ ఉత్తరం చింపుకుని బాగుచేసింది నువ్వు."

తుపాకీ లేని తోటలో తుపాకీ బాగుచేసేవాడితో పనేముంది? ఆ వారం రాజేశం రోజూ పొద్దున్నే పెట్టె సర్దేవాడు. సాయంత్రం దాకా కంపెనీ బస్సు రాకపోతే మళ్ళీ విప్పేవాడు. పంపులు అవసరానికి మించి శుభ్రంగా తుడిచాడు. మేకలకు కూడా స్నానం చేయించాడు.

మరుసటి శుక్రవారం అర్బాబ్ వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా డిక్కీలోంచి కొత్త పెట్టె తీశాడు. లోపల కొత్త రైఫిల్, పాతదానికి మూడింతల ఖరీదైనది, మెరుస్తోంది. చాప పరిచి అయిదు పేల్చాడు. నూకలు.

"ఖర్బాన్," అన్నాడు. అంటున్నప్పుడు గొంతులో కొంచెం ఊరట ఉంది.

రాజేశం తుపాకీ తీసుకున్నాడు. స్క్రూలు గట్టిగా ఉన్నాయి. గొట్టం కింద కాయితం ఆటంకం లేకుండా నడిచింది. డబ్బాలో తూటాలు చూస్తే ఒకే లాటువి. కొత్త గొట్టం, ఇంకా పూత పట్టలేదు. ఇరవై తూటాలు దిబ్బలోకి పేలిస్తే సరిపోతుంది. మధ్యాహ్నం భోజనం వేళకు పని అయిపోతుంది.

"కమ్ యోమ్?" అని అర్బాబ్ అడిగాడు, ఎన్ని రోజులని.

రాజేశం తుపాకీని కిందికీ పైకీ తిప్పాడు. బొటనవేలితో గొట్టం పొడుగునా తడిమాడు. పెదవి విరిచాడు. "షానా కష్టం," అన్నాడు ఇక్రాముద్దీన్‌తో. "ఎనిమిది నెలలు పడ్తదని చెప్పు."

"ఎనిమిది నెలలా? పోయినదానికి మూడు వారాలే కదా!"

"అది పాతది. మాట ఇన్నది."

ఇక్రాముద్దీన్ అతని మొహంలోకి చూసి, అర్బాబ్ వైపు తిరిగి ఎనిమిది కాదు, పది అని చెప్పాడు. అర్బాబ్ గంభీరంగా తల ఊపాడు. మంచి పనికి టైము పడుతుందన్నాడు. బావమరిది అడిగితే ఆ మాటే చెప్పమన్నాడు.

రాజేశం ఆ రైఫిల్‌ను రెండువేల ఒకటి దాకా బాగుచేస్తూనే ఉన్నాడు.