ఇంటికి పంపే సిస్టర్, మా సువర్ణ

నిన్న పొద్దున గద్వాల నుంచి వనపర్తి బస్సులో ఉన్నాను. ఆస్పత్రిలో ఉన్న సువర్ణను చూడటానికే బయలుదేరాను.

బీచుపల్లి దగ్గరికి రాగానే ఫోన్ మోగింది. సువర్ణ భర్త శ్రీశైలం.

"అక్కా... సువర్ణ పోయింది."

తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

బస్సులో వాళ్ళంతా ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంటున్నారు. నాకు చేతులు లేవలేదు. బస్సు కృష్ణ బ్రిడ్జి ఎక్కింది. కింద నీళ్ళు ఉన్నాయో లేవో కూడా చూడలేదు.

డెంగీ అట.

మొదట్లో ఉత్త జ్వరమే అంది. జ్వరంతోనే డ్యూటీకి పోయింది. కళ్ళు తిరిగి పడిపోతే తను పనిచేసే ఆస్పత్రిలోనే అడ్మిట్ చేశారు.

మొన్న ఫోన్లో, "నువ్వు రాకే. మంచిగైనంక నేనే వస్త. జొన్నరొట్టెలు చేసి పెట్టు, చాలు" అంది. మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతోంది. ఆ గొంతు విన్నాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

అయినా అందుకోలేకపోయాను.

మన వాట్సాప్ గ్రూపులో చాలామందికి సువర్ణ తెలియదు. అందుకే రాస్తున్నా.

మేమిద్దరం కలిసి నర్సింగ్ చదివాం. ఒకే హాస్టల్, ఒకే రూమ్. తనది నాగర్‌కర్నూల్ దగ్గర చిన్న పల్లె. నాకు గద్వాలలో ఉద్యోగం వచ్చింది, తనకు వనపర్తిలో. డిశ్చార్జ్ అయ్యే పేషెంట్లను చూసుకోవడం తన పని. ఐడీ కార్డు మీద నర్స్ కేర్ మేనేజర్ అని ఉండేది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు అది నోరు తిరిగేది కాదు. "ఇంటికి పంపే సిస్టర్" అనేవాళ్ళు.

ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో మేమందరం చెప్తాం. సువర్ణ ముందు ఇంటి సంగతి అడిగేది. మంచం ఎత్తుంటదా? బాత్రూం ఇంట్లనా, బయటనా? గడప దాటేటప్పుడు ఎవరు పట్టుకుంటరు? వంట ఎవరు చేస్తరు?

"డాక్టర్ సంతకం పెడ్తె బెడ్ ఖాళీ అయితది గని, మనిషికి నయమైనట్టు గాదు గదనే" అనేది నాతో.

ఒకసారి తనతో కలిసి భోంచేద్దామని వాళ్ళ ఆస్పత్రికి వెళ్ళాను. వార్డు బయట గోడకు ఆనుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. పేరు బాలయ్య, పాన్‌గల్ దిక్కు రైతు. భార్య లక్ష్మమ్మకు పక్షవాతం. ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయాయి, మాట పోయింది. పిల్లలు లేరు. ఆ రోజే డిశ్చార్జ్. ఆయన లోపలికి రానంటున్నాడు.

"నేను తోల్కపోను సిస్టరమ్మా. ఈడనే ఉండనియ్యుండ్రి. ఇంటికి పోతె నా చేతులల్లనే సస్తది. ఆడమనిషిని సూసుకునుడు నాకేం తెల్సు?"

సువర్ణ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, లక్ష్మమ్మ పక్కనున్న ఖాళీ బెడ్ మీద తనే పడుకుంది.

"నేనే మీ ఆమెను అనుకో పెద్దయ్యా. పక్కకు తిప్పు."

"అయ్యో, మిమ్ముల ముట్టుకునుడా!"

"నీ బిడ్డ లెక్క లేనా? తిప్పు."

ఆయన భయపడుతూ చెయ్యి పట్టి లాగాడు.

"అబ్బా! చెయ్యి గుంజకు, భుజం జారుతది. ఈడ వీపు కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి. ఆఁ... గట్ల. జర నిమ్మళంగ."

తర్వాత అన్నం తినిపించడం. నా టిఫిన్ డబ్బాలో పెరుగన్నం ఉంటే అదే తెప్పించింది. వీపు వెనక దిండ్లు పెట్టించుకుని కూర్చుని, ఆయన చేత చెంచాతో తినిపించుకుంది. "మింగినంకనే ఇంకో ముద్ద. ఆగం జెయ్యకు" అంటోంది. ఆయన మీసాల మీద చెమట.

అంతా చూస్తున్న లక్ష్మమ్మ నవ్వింది. నోరు ఒక పక్కకే సాగింది, అయినా అది నవ్వే.

బాలయ్య చెంచా కింద పెట్టి ఏడ్చేశాడు. సాయంత్రం ఇంటికి తీసుకుపోయాడు.

తర్వాత చెకప్‌కు తీసుకొచ్చినప్పుడు లక్ష్మమ్మ ఒంటి మీద, మంచాన పడ్డవాళ్ళకు వచ్చే పుండు ఒక్కటి కూడా లేదట. తల దువ్వి, జడవేసి, కనకాంబరాలు పెట్టి తెచ్చాడట. ఆ సంగతి ఫోన్లో చెప్తూ సువర్ణ ఏడ్చింది.

అట్లాంటి మనిషిని, నిన్న నేను చేరేసరికి అదే ఆస్పత్రిలో తెల్లబట్ట కప్పి పడుకోబెట్టారు. కూతురు తల్లి పాదాలు పట్టుకుని కూర్చుంది. వదలమంటే వదలదు.

నేను అక్కడ ఉండలేక వరండాలోకి వచ్చాను. చేతిలో ఇన్సులిన్ డబ్బా పట్టుకుని ఒకాయన ఎదురొచ్చాడు. యూనిఫామ్‌లో లేకున్నా నన్నే అడిగాడు.

"సువర్ణ సిస్టర్ యాడున్నది మేడం? మా అమ్మను ఇయ్యాల ఇంటికి పంపుతున్నరు. సూది ఎట్ల ఇయ్యాల్నో నేర్పిస్తనని పోయిన వారం అన్నది."

ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను.

చేతిలో డబ్బా వైపు చూసుకున్నాడు.

"మరి ఇప్పుడెట్ల?" అన్నాడు.

నేనూ నర్సునే. కూర్చోబెట్టి చెప్పబోయాను. సిరంజి జారి కింద పడింది, చెప్పిందే మళ్ళీ చెప్తున్నాను. చివరికి డ్యూటీ సిస్టర్ వచ్చి గబగబా చూపించింది. ఆయన తల ఊపాడు. అర్థం కాలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. తల్లిని ఆటోలో కూర్చోబెట్టుకుని పోయాడు.

సాయంత్రం సువర్ణను వాళ్ళ ఊళ్ళో మట్టి చేశాం.

"మందినందరిని సూసె నా బిడ్డ. నా బిడ్డను సూసెటోళ్ళు లేకపోయిరి" అని వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది.

ఎంత సేవ చేసిందో అని అందరూ అంటున్నారు. నిజమే. కానీ ఆ మాట విన్నకొద్దీ నాకు కడుపు మండుతోంది. ఆ పిల్లకు తల్లి లేదు. ఆ వార్డులో ఇంటి సంగతి అడిగేవాళ్ళు లేరు. నాకు సువర్ణ లేదు. దీన్ని ఏమని సర్దుకోవాలి?

ఈ రోజు డ్యూటీకి పోలేదు. రేపు ఎట్లా పోవాలో తెలియడం లేదు.

నొప్పి, జ్వరం ఏమీ లేనికాడ ఉండు సువర్ణా.

ఆడనన్న జర కూసోవే.