స్పిరిట్‌లో నిలవని సిరా

మా ఆవిడ వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికొస్తే చేతుల నుంచి స్పిరిట్ వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు వసుంధర మేడమ్ గుర్తొస్తారు. ఇక అన్నం సహించదు.

మేడమ్‌ది హనుమకొండ. ఇక్కడి కాలేజీలో, స్పిరిట్ సీసాల్లో భద్రపరిచిన ఆఫ్రికా పాముల బాగోగులు చూసే కాంట్రాక్టు ఉద్యోగం. నేను పీజీ చదువుతూ ఆవిడ దగ్గర పనికి చేరాను. పాములే లేని ఐర్లండ్‌లో పాముల ఉద్యోగమేమిటని మావాళ్లంతా వెక్కిరించేవారు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. పార లాంటి మూతితో ఇసుక తవ్వుకుంటూ, బల్లుల గుడ్లు తిని బతికే చిన్న పాములవి. "విషం లేదు బిడ్డా. బెదిరిస్తే చుట్ట చుట్టుకుంటది, గంతే," అనేవారు. ఏ పాము ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి దాని ఒంటికి కట్టాలి. "పెన్సిల్‌తోనే రాయి. సిరా స్పిరిట్ల ఆగదు. ఊరు తెల్వని పాము ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

ఒక సాయంత్రం అద్దె గది చూడటానికి పరుగెత్తాలి. ఆలస్యమైతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. చివికిన పాత చీటీలు తిరగరాసి, పాతవి పారేస్తున్నాను. పెన్సిల్ మొన విరిగింది. చెక్కే ఓపిక లేక మిగిలిన పన్నెండూ జేబులోని పెన్నుతో గీకేశాను. పోనీ గదైనా దొరికిందా అంటే, అదీ లేదు.

రెండు నెలలకు ఆ పన్నెండు సీసాల్లో చీటీలు తెల్లబోయి కనిపించాయి. "ఎవరు రాశారివి?" అని విభాగాధిపతి అడిగాడు. మేడమ్ నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. నా కోర్సు అయిపోతోంది, ఉద్యోగం రాకపోతే పెట్టె సర్దుకోవాలి. నేను సీసా వైపు చూశాను. "నేనే రాశాను," అన్నారావిడ ఇంగ్లీషులో. ఆయన "గ్రాండ్, గ్రాండ్" అని, ఇక్కడివాళ్ల మాటలో పర్వాలేదన్నట్టు, నవ్వి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. ఆ కుర్చీ నాకిచ్చారు.

వెళ్లేరోజు బస్టాండు దాకా ఆవిడ సూట్‌కేసు మోశాను, సిగ్గులేని జన్మ నాది. క్షమించమని నోరు తెరవబోయాను.

"పెన్సిల్ చెక్కనీకి ఎంతసేపు పడ్తది?" అన్నారు. బస్సెక్కాక నా వైపు తల తిప్పలేదు.

ఇప్పుడు నా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లుంటాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఆ సీసాలు చూపించి, సిరా నిలవదని చెబుతాను. ఎవరు పాడుచేశారని అడుగుతారు.

"నాకు ముందున్నావిడ," అంటాను.