బ్లాక్ ఫారెస్ట్ అంచున ఒట్టి తునకలు

జర్మనీలోని ఈ కార్ల్స్‌రూహెలో మాకు బాగా దగ్గరైన కుటుంబం ఒక్కటే. మా బావతో కలిసి పనిచేసే ఆయన, ఆయన భార్య. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కనుక పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. ఆ భార్యను నేను అక్కా అంటాను. వాళ్ళది విజయవాడ, ఆమె పెరిగింది హైదరాబాదులో. నేను కొత్తగా వచ్చినప్పుడు నన్ను వెంటబెట్టుకుని తిరిగి, అన్మెల్డుంగ్ అనే చిరునామా నమోదు దగ్గర నుంచి పెరుగు ఏ డబ్బాలో ఉంటుందన్నదాకా అన్నీ చూపించింది. నేను బడికి పోలేదని, నాయన ఇంట్లో పలక మీద దిద్దించిన చదువే నాదని తెలిసినా ఏనాడూ తక్కువ చేయలేదు. అమ్మవారికి దీపం పెట్టినప్పుడల్లా తలుచుకునే పేర్లలో ఆమెది ఒకటి.

ఈ వేసవిలో వాళ్ళాయనకు నలభై నిండాయి. ఆయనకు పొగలో పొద్దంతా మగ్గిన మాంసమంటే ప్రాణం. అందుకని పుట్టినరోజు ఏదైనా బార్బెక్యూ హోటల్లో చేయాలనుకుంది అక్క.

"మనం ముందే వెళ్ళి తిని చూద్దాం చెల్లీ. ఏది బాగుంటే అక్కడ ఆ రోజుకి బల్ల బుక్ చేద్దాం" అంది.

"నన్నెందుకక్కా? నాకు అన్నీ బాగుంటయి."

"అదే నీతో చిక్కు. మాడిపోయినా బాగుందంటావు. ఈసారి నిజం చెప్పాలి."

వడ్డించినదానికి వంక పెట్టకూడదని నేర్చిన ఇల్లు మాది. అయినా సరేనన్నాను.

మొదటిది ట్రామ్ లైను చివర, పాత బీరు గోదాము పెరట్లో ఉంది. చెట్ల కింద పొడుగు బల్లలు. టర్కీ కోడి రొమ్ము మాంసం తెప్పించుకున్నాం. పైన పూసిన పాకం తియ్యగా ఉండి, పొగ వాసన ఆ తీపి కింద ఎక్కడో దాక్కుంది. ముక్క నమిలేసరికి పీచు పీచుగా పళ్ళలో ఇరుక్కుంది. నేను మొదటి తునకను ఎప్పటిలాగే పళ్ళెం అంచున అమ్మవారికని పక్కన పెట్టి, కళ్ళకద్దుకుని తిన్నాను.

"ఊ, చెప్పు" అంది అక్క.

"కొంచెం ఆరినట్టుంది."

"హమ్మయ్య! నీ నోట్లోంచి ఆ మాత్రం రావడమే గొప్ప." నవ్వింది. ఆరిన మాంసమనగానే ఆమెకేదో గుర్తొచ్చింది. "మా ఇంటి వెనక గుడిసెలుండేవి. వాళ్ళు మాంసాన్ని బట్టలారేసినట్టు దండెం మీద ఆరేసేవాళ్ళమ్మా! మా అమ్మ కిటికీలన్నీ మూయించేది. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఎలా తినేవాళ్ళో, ఛీ."

నా చేతిలో ముక్క అలాగే ఉంది. ఆమె నా వంక చూడకుండానే ఆ మాటంది, వెంటనే వేరే సంగతిలోకి వెళ్ళిపోయింది. నేను ముక్క తినేసి నీళ్ళు తాగాను.

అలా ఆరేసినవాటిని మేం ఒట్టి తునకలు అంటాం. పోచమ్మకు మొక్కిన యాటపోతును కోసినప్పుడు ఇంటిల్లిపాది తినగా, చుట్టాలకు పంచగా మిగిలిన మాంసాన్ని మా అత్తమ్మ, అంటే బావ వాళ్ళమ్మ, పొడుగ్గా చీరేది. ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేవాళ్ళం. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చోవడం నా పని. ఎండిన వాటిని కట్టెల పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీస్తే వానాకాలమంతా ఉండేవి. చింతచిగురుతో వండితే ఇల్లంతా ఆ వాసనే. అది వాసన కాదు, మా ఇంటి గాలి అనుకునేదాన్ని. కిటికీలు మూసుకునేవాళ్ళుంటారని అప్పుడు తెలియదు. మాకు మూసే కిటికీలే లేవు.

రెండో హోటలు ఫ్యాక్టరీల పేటలో ఉంది. గోడల నిండా అమెరికా జెండాలు, చెవులు పగిలే పాటలు. అక్కడ మాంసం మీద నల్లటి పెచ్చు కట్టి, లోపల వేలితో తాకితే విడిపోయేంత మెత్తగా ఉంది. పక్క బల్ల వాళ్ళు తింటున్నప్పుడు చూశాను. అది బీఫ్, మేం తినేది కాదు. చికెన్, బీఫ్ వేరువేరు పొయ్యిల మీద చేస్తారా అని అడిగాను. అన్నీ ఒక్క పెట్టెలోనేనని చెప్పాడు వడ్డించే అతను.

"పొగకి కులమేంటి తల్లీ, తిను" అంది అక్క.

నవ్వాను. మొక్కజొన్న కంకి, కాల్చిన ఆలుగడ్డ తిని లేచాను. అక్క మాత్రం చికెన్ తిని, మొదటి హోటలు కంటే ఇది ఎన్నో రెట్లు నయం, కానీ పుట్టినరోజుకి ఆ పాటల్లో ఎవరి మాటా వినపడదని తేల్చింది.

మూడోదానికి అత్తమ్మ కూడా వచ్చింది. మూడు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చి అప్పటికి కొన్ని వారాలే అయింది. ఇంట్లో ఒక్కదాన్నే వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. ట్రామ్ ఊరు దాటి కొండల వైపు ఎక్కుతుంటే కిటికీకి ముఖం ఆనించి, "ఎంత పచ్చగుందే బిడ్డా" అంటూనే ఉంది. బ్లాక్ ఫారెస్ట్ మొదలయ్యే చోట, చెక్క ఇంట్లో నడిపే హోటలు అది. వెనకే పొగగది. ఇక్కడ గొర్రె మాంసం వేరేగా పొగ పెడతారని అక్క ముందే ఫోన్ చేసి కనుక్కుంది. నాకోసమే కనుక్కుంది.

గొర్రె భుజం ముక్కలు వచ్చాయి. తీపి లేదు, కారం లేదు. ఉప్పు, పొగ, అంతే. నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది. తల ఎత్తకుండా నములుతున్నాను. అత్తమ్మకు అలాంటి భయాలేవీ లేవు.

"ఓ పిల్లా! ఇవి మన ఒట్టి తునకలే గదనే! పొయ్యి మీద కట్టినట్టే ఉన్నయ్!"

ఆ హుషారుకి పక్క బల్ల ముసలాయన కూడా తిరిగి చూశాడు. అక్క అవతలి కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్లో పొగగది ఫోటో తీసుకుంటోంది.

"అత్తమ్మా, జర మెల్లగ" అన్నాను.

ఆమె చప్పున చుట్టూ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఈడోళ్ళు గట్టిగ మాట్లాడరు గదా, మర్చిన" అంది గుసగుసగా. తప్పు చేసిన పిల్లలా కుర్చీ బల్లకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. అది ఈ దేశపు మర్యాద అనుకుంది. నన్ను చంకనెత్తుకుని తిరిగిన మనిషి, నా మాటకు అనుమానమే లేకుండా గొంతు తగ్గించుకుంది.

"ఏమంటున్నారు ఆంటీ?" అక్క ఫోన్ దించి మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఉప్పు సరిపోయిందంటోంది."

అన్న తర్వాత చేతిలోని ముక్కను పళ్ళెంలో పెట్టేశాను.

హోటలు యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎలా ఉందని అడిగాడు. అక్క జర్మన్‌లో బాగా మాట్లాడుతుంది. చాలా బాగుందని, తనకు నచ్చిందని చెప్పింది. ఆయన అత్తమ్మ వైపు కూడా చూసి, ఆమెకెలా ఉందన్నట్టు తల ఊపాడు. అత్తమ్మ నా వైపు ఒరిగి, చెవిలో చెప్పింది.

"మనింట్ల గూడ గిట్లనే జేస్తమని చెప్పు బిడ్డా. దండెం మీద ఆరేసి పొయ్యి మీద పొగ వెడ్తమని చెప్పు. సంతోషపడ్తడు."

ఎంత మెల్లగా చెప్పిందంటే నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. నేనేం చెప్పినా అత్తమ్మకు అర్థం కాదు, అత్తమ్మ ఏమందో అక్కకు తెలియదు. వంట బాగుందంటోందని చెబితే చాలు. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది కూడా. ఆయన ఎదురుచూస్తున్నాడు. అత్తమ్మ కూడా నా నోటి వంకే చూస్తోంది, తన మాట అందులోంచి ఎలా బయటికొస్తుందోనని నవ్వుముఖంతో. దసరాకి చుట్టాలొచ్చినా, దేవుడు దిగొచ్చినా ఆ ముఖం అంతే.

తల్లీ పోచమ్మా అనుకున్నాను.

నాకున్న నాలుగు జర్మన్ మాటలు కూడదీసుకుని చెప్పాను. మా ఇంట్లో కూడా ఇలాగే చేస్తాం. మాంసాన్ని బట్టల్లా తాడు మీద ఆరేస్తాం. తర్వాత పొయ్యి పైన, పొగలో. ఈమె చేస్తుంది. చిన్నప్పుడు నేను కాపలా కాసేదాన్ని. వ్యాకరణం తప్పిందో లేదో తెలియదు. చెవులు కాలిపోతున్నాయి. అక్క వైపు చూడలేదు.

ఆయన ముఖం విప్పారింది. ఏ కట్టెలు వాడతారని అడిగాడు. అత్తమ్మను అడిగాను.

"ఏది దొరుకుతే గది!" అంది, అదీ గుసగుసగానే.

ఆయన పెద్దగా నవ్వి, ఇంకో రెండు ముక్కలు పంపిస్తానని లోపలికి వెళ్ళాడు. అక్క గ్లాసు అటూ ఇటూ తిప్పింది.

"మీ ఇంట్లో ఆరేసేది... మటనే కదా చెల్లీ?"

"ఔనక్కా, మటనే" అన్నాను వెంటనే.

"అదే అనుకున్నా" అంది, ఊపిరి వదిలినట్టుగా. చెయ్యి చాచి నా చేతి మీద వేసింది. "నేను అప్పుడేదో వాగాను. అది వేరే వాళ్ళ గురించి, నువ్వు మనసులో పెట్టుకోకు." తర్వాత పుట్టినరోజు ఇక్కడే ఖాయమంది, ఆంటీ కూడా తప్పకుండా రావాలంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. ఆ మంచితనం నిజమైనదే, నాకు తెలుసు.

నన్ను ఇప్పటికీ కోస్తున్నది ఆమె ప్రశ్న కాదు, నేను జవాబిచ్చిన వేగం. అంత కష్టపడి తెరిచిన తలుపును ఒక్క మాటతో సగానికి వేసేశాను. మటనేనని చెప్పి నేను ఇవతలికి దాటేసి, ఆ గుడిసెల వాళ్ళను అవతలే వదిలేశాను. మా ఊళ్ళో మా గోడకి ఆనుకున్న ఇంటి దండెం మీద ఏం ఆరేదో నాకు తెలుసు. ఆ ఇంట్లో కూర్చుని తిన్నాను కూడా. వాళ్ళ గిన్నెలో అన్నం పెట్టినప్పుడు కళ్ళకద్దుకున్నాను. అది ఏ మాంసమని ఆ పూట నన్నెవరూ అడగలేదు.

తిరుగు ట్రామ్‌లో అక్క ముందు సీట్లో కూర్చుని భర్తతో ఫోన్లో మాట్లాడుతోంది. వెనక ఎవరో కుర్రకారు పెద్దగా కేకలేసుకుంటూ నవ్వుతున్నారు. అత్తమ్మ నా చెవి దగ్గరికి వంగి, ఆ జర్మన్ ఆయన ఎంత మంచోడో, పుట్టినరోజుకి ఏ చీర కట్టుకోవాలో చెబుతోంది.

"గట్టిగనే మాట్లాడు అత్తమ్మా. ఎవ్వరేమనరు."

"ఎందుకులే బిడ్డా" అంది అదే గుసగుసతో, నా భుజం తట్టి. "నీకు వినవడ్తుంది గదా."