రెండు ఎర్తుల ఇంట్లో పెద్దమ్మ పాట

కృష్ణగిరి జిల్లాలో నా గొంతు వినని కుక్క లేదు. హోసూరు బస్టాండు నుంచి ఊత్తంగరై సంత దాకా, ఆటోల నెత్తిన కట్టిన హారన్లలోంచి తగ్గింపు ధర చీరల గురించీ, ఉచిత కంటి పరీక్షల గురించీ, తప్పిపోయిన ఎనుముల గురించీ మూడు భాషల్లో అరిచేది నేనే. ఆటో హారన్‌కు ఒక గొప్ప గుణం ఉంది. తేనె లాంటి గొంతు పోసినా, బొంగురు గొంతు పోసినా, అవతలికి వచ్చేసరికి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టే ఉంటుంది. అందుకే ఇన్నేళ్లూ హాల్లో సోఫా మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌కు ఒక చవక మైకు తగిలించి, వంటింట్లో కుక్కర్ కూస్తుండగానే రికార్డు చేసి ఇచ్చినా ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఇలా సుఖంగా ఉన్న రోజుల్లో మా పెద్దమ్మ గొంతులో గడ్డ లేచింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అత్తిముగంలో ఉంటుంది. కృష్ణగిరి డాక్టరు చూసి, గడ్డ కోసి తీసేయాలన్నాడు. తీశాక గొంతు ఎప్పటిలా ఉండొచ్చు, బొంగురు పోనూవచ్చు, ముందే చెప్పలేనన్నాడు. పెద్దమ్మకు రాగులు విసిరేటప్పుడు పాడే పాటలు కొల్లలుగా వచ్చు. ఆమెకు ఎదురుగా కూర్చుని రాయి పిడి పట్టి వంతపాడిన ఆడవాళ్లంతా ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. కోడళ్లకు పిండిమిల్లుకు దారి తెలుసు గాని పాట తెలియదు. అంటే ఆ పాటలకు లోకంలో మిగిలిన ఇల్లు ఆ ఒక్క గొంతే, దాని మీదే డాక్టరు కత్తి పెట్టబోతున్నాడు. నేను ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, ఆస్పత్రికి పోయే ముందు మా ఇంటికి రా. పాటలన్నీ పాడితే రికార్డు చేసి పెడతా."

"ఎందుకురా? నా పాట ఆటోకి కట్టి చీరలు అమ్ముతావా?"

"ఛ, అట్లా ఎందుకు చేస్తాను?"

"చేస్తావు. పోయినతూరి ఊరగాయ జాడీ ఎత్తుకపోయి ఇంతవరకూ ఇయ్యలేదు. ఇప్పుడు గొంతు ఎత్తుకపోతానంటా ఉండావు."

చివరికి ఒప్పుకుంది. ఆస్పత్రిలో చేరే ముందు రోజు పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. ఉన్నది ఆ ఒక్క పగలు.

అనుమానం మా వంశంలో పాలతో పాటు తాగించేస్తారు. అంగట్లో తూకం వేస్తుంటే అందరూ ముల్లు వైపు చూస్తారు, నేను అంగడాయన బొటనవేలి వైపు చూస్తాను. అలాంటివాణ్ణి పెద్దమ్మ పాటను హాల్లో సోఫా మీద పట్టగలనా? మా ఇల్లు సూళగిరి ఇంకాస్త దూరం ఉందనగా, హైవేకి లోపలగా ఉంటుంది. పెరట్లో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన గది ఉంది. దాని గోడలకు పాత పరుపులు కొట్టి, కిటికీకి కంబళి వేలాడదీసి, ఒక మంచి మైకూ, దాని ధ్వనిని సర్దే చిన్న మిక్సరూ కొని స్టూడియో అన్నాను. లోపల కూర్చుంటే నా కనురెప్పలు కొట్టుకునే చప్పుడు నాకే వినిపించేది.

మొదటి అనుమానం ల్యాప్‌టాప్ మీద కలిగింది. దాని ఫ్యాను ముసలి ఎద్దులా రొప్పుతుంది, ఆ రొప్పు మైకులో పడుతుందని దాన్ని హాల్లోకి వెలివేశాను. పెరటి గదిలోని మిక్సర్ నుంచి కిటికీ గుండా, తులసికోట చుట్టూ, హాల్లోని ల్యాప్‌టాప్ దాకా ఒక తీగ లాగాను. హనుమంతుడి తోక కూడా అంత పొడవుండదు.

రెండో అనుమానం కరెంటు ఎర్తు మీద. మా వైపు పాత ఇళ్లలో ఎర్తు కోసం వేరే గుంత తవ్వరు. బోరుబావి ఇనుప పైపు నేలలోకి అంత లోతు దిగి ఉంది కదా అని, ఎర్తు తీగ తెచ్చి దానికే చుట్టేస్తారు. మాకూ అంతే. అయితే భాగాలు పంచుకున్నప్పుడు బోరు మా అన్న వైపు పడింది. ఆయన పక్కింట్లోనే ఉండి టమోటా వేస్తాడు. ఆయన మోటారు కక్కే చెత్త అంతా ఆ పైపు గుండా నా స్టూడియోలోకి పాకుతుందని నాకు గట్టి అనుమానం. అందుకని పెరటి గదికి వేరుగా గుంత తవ్వించి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ కూరి, నీళ్లు పోసి సొంత ఎర్తు పెట్టుకున్నాను. అన్న గోడ మీద గడ్డం ఆనించి చూశాడు.

"మన ఎర్తు ఏం పాపం చేసిందప్పా? నాయన కాలం నుంచి ఈ పైపే కదా."

"నాది నాకు వేరేగా ఉండనీ అన్నా."

"నేల పంచినాము, గోడ పంచినాము. భూమి లోపల కూడా పంచల్లనా?"

మూడో అనుమానం తీగ అమ్మిన హోసూరు అంగడాయన మీద. ఆయన బ్యాలెన్స్‌డ్ తీగ, అన్‌బ్యాలెన్స్‌డ్ తీగ అని రెండు జాతులు చూపించాడు. బ్యాలెన్స్‌డ్ తీగలో ధ్వనిని మోసే దారాలు రెండు. ఒకటి ధ్వనిని ఉన్నదున్నట్టు మోస్తుంది, రెండోది తలకిందులుగా మోస్తుంది. అవతలి చివర తలకిందులైనదాన్ని మళ్లీ తిరగేసి మొదటిదానితో కలుపుతారు. దారిలో అంటిన మురికి రెండింటికీ ఒకేలా అంటుతుంది కాబట్టి, తిరగేసి కలిపేసరికి ఒకదాని మురికిని మరొకటి కొట్టేస్తుంది, పాట మాత్రం మిగులుతుంది. ఒకే కబురు ఇద్దరు మనుషులకిచ్చి పంపి, ఇద్దరినీ విడివిడిగా నిలదీసినట్టు. ఇది నా లాంటి అనుమానపు మనిషి కనిపెట్టిన తీగే, సందేహం లేదు. అన్‌బ్యాలెన్స్‌డ్‌లో పాట మోసే దారం ఒక్కటే, చుట్టూ ఉన్న జల్లెడ తొడుగే తిరుగుదారి. అది ఏం చెబితే అదే నిజం.

"మీ మిక్సర్ బ్యాలెన్స్‌డ్ సార్. పాటను ల్యాప్‌టాప్ లోపలికి పంపేదానికి మీరు పెట్టిండే చిన్న డబ్బా అన్‌బ్యాలెన్స్‌డ్. ఈ తీగతో రెండూ కలుస్తాయి. అయితే..."

"అయితే?"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, "ఏం లేదు సార్, తీసుకపోండి" అన్నాడు. ఆ మింగేసిన 'అయితే' కోసం రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకున్నాను.

అన్నీ కలిపి, తీగ లేని హెడ్‌ఫోన్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో పడింది వినేసరికి, గుయ్యి. మైకు మూసినా గుయ్యి, తెరిచినా గుయ్యి. కంబళిలో దూరిన తుమ్మెదలా ఆగని గుయ్యి. ఈ గుయ్యి మీద పెద్దమ్మ పాట పెడితే, చక్కటి రాగి సంగటిలో ఇసుక కలిపినట్టే.

ఇక ఇంట్లో నా దర్యాప్తు మొదలైంది. ఫ్రిజ్ ఆపించాను, పాలు విరిగాయి గాని గుయ్యి విరగలేదు. ట్యూబ్‌లైట్లు పీకించి పిల్లల్ని దీపం పెట్టుకుని చదవమన్నాను. గోడెక్కి అన్నను విచారించాను.

"మోటారు వేసినావా అన్నా?"

"వేసినా. టమోటాకి నీళ్లు వద్దా?"

"ఒక్క నిమిషం ఆపు." ఆపాడు. హెడ్‌ఫోన్‌తోనే గోడ దగ్గరికి వచ్చాను. "ఆపినాక కూడా గుయ్యంటా ఉండాదే!"

"అయితే మోటారు కాదప్పా. నీ తలకాయ."

చివరికి నా అనుమానం మా ఆవిడ గ్రైండర్ మీద గడ్డకట్టింది. అది తిరగకపోయినా లోలోపల ఏదో చేస్తుందని తీర్మానించి, వంటింట్లో దాని ప్లగ్ పెట్టే చోట టేపు అడ్డంగా అంటించి, టేపు మీద సంతకం పెట్టాను. ఇడ్లీ, దోసె, వడ మా ఇంట్లో నిషిద్ధమయ్యాయి. పూటపూటకూ ఉప్మా. గుయ్యి మాత్రం ఉప్మా తిని ఇంకా బలిసింది.

ఇంతలో పెద్దమ్మ వచ్చేసింది. మెడలో గడ్డ కనబడకుండా కొంగు చుట్టుకుంది. చంకలో రాగుల మూట. గదిలోకి అడుగుపెట్టి, పరుపులు కొట్టిన గోడలను తడిమి, మైకు వైపు చూసింది.

"ఇదేమిరా, గరిటె మాదిరి? నా నోట్లో పెడతావా?"

"నోటికి దూరంగానే ఉంటుంది పెద్దమ్మా. నువ్వు పాడు."

ఆమె కూర్చుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. గుయ్యి సిద్ధంగా ఉంది. పెద్దమ్మ నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది.

"రాలేదురా."

"గొంతు నొప్పా?"

"గొంతు కాదు. ఈ గది పీనుగ లేచిన ఇల్లు మాదిరి ఉండాది. పక్కన రాయి సద్దు లేకుండా పాట యాడనుంచి వస్తాది?"

ఒక వైపు పోని గుయ్యి, మరో వైపు రాని పాట, సాయంత్రం బస్సు. నీళ్లు తాగమని ఆమెకు చెంబిచ్చి, తీగల ముళ్లన్నీ మరోసారి బిగిస్తూ కూర్చున్నాను.

ఉన్నట్టుండి హెడ్‌ఫోన్‌లో గుయ్యి ఆగింది.

చెవులు పోయాయనుకున్నాను. హెడ్‌ఫోన్ తీశాను. ఇంట్లోంచి గడగడమని గ్రైండర్ తిరుగుతున్న చప్పుడు! నా ఇంట్లో, నా సంతకానికి ఎదురు తిరిగి! హాల్లోకి పరుగెత్తాను. మా ఆవిడ వంటింటి గ్రైండర్‌ను మోసుకొచ్చి, ల్యాప్‌టాప్ చార్జర్ ప్లగ్ పీకేసి, దాని చోట గ్రైండర్ ప్లగ్ పెట్టి ఉద్దిపప్పు రుబ్బుతోంది.

"పెద్దమ్మ వచ్చిన దినం ఉప్మా పెట్టే మొగం నాకు లేదండి. వడ చేస్తాను. మీ టేపు అట్లే ఉండాది, పోయి చూసుకోండి."

"నువ్వు గ్రైండర్ వేసినాక గుయ్యి ఆగింది!"

"చూసినారా? ఇంక దినమూ వేస్తా."

నాకు నమ్మకం కలగలేదు. చార్జర్‌ను పక్క బోర్డులో పెట్టి గదికి పరుగెత్తాను, గుయ్యి. వెనక్కి వచ్చి పీకాను, గుయ్యి లేదు. పెట్టడం, పరుగెత్తడం, పీకడం. తులసికోట చుట్టూ నేను చేసిన ప్రదక్షిణలకు ఆ పాటికి మోక్షం వచ్చి ఉండాలి. అప్పుడు తెలిసింది అంగడాయన మింగిన 'అయితే' ఏమిటో.

మిక్సర్ నా ఉప్పుగుంత ఎర్తు మీద నిలబడి ఉంది. హాల్లోని ల్యాప్‌టాప్ చార్జర్ గుండా అన్న బోరు ఎర్తు మీద నిలబడి ఉంది. రెండు ఎర్తులకూ ఎంతో కొంత తేడా ఉంటుంది. ఆ తేడా పోవడానికి దారి వెతుక్కుంటే, నేనే హనుమంతుడి తోకంత తీగ వేసి దారి చూపించాను. చివరిదాకా బ్యాలెన్స్‌డ్ అయితే రెండు దారాలూ కలిసి ఆ దొంగను పట్టేవి. ల్యాప్‌టాప్ దగ్గర అది అన్‌బ్యాలెన్స్‌డ్ అయిపోయింది కాబట్టి, రెండు ఎర్తుల తగువు తొడుగు మీద నడిచి వచ్చి తిన్నగా పాటలో కూర్చుంది. చార్జర్ పీకితే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఏ ఎర్తు పక్షమూ కాదు, తగువు లేదు. ఫ్యాను మీద అనుమానపడి తీగ పొడుగు చేశాను, అన్న మీద అనుమానపడి ఎర్తు రెండు చేశాను. ఈ రెండింటికీ పుట్టిందే గుయ్యి. ఈ మాట అన్నతో చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను.

"సరే, గ్రైండర్ ఆపు" అన్నాను మా ఆవిడతో. పెరటి గదిలోంచి పెద్దమ్మ కేక వేసింది.

"ఆపొద్దురా! ఆ రాయి తిరగనీ!"

వెళ్లి చూస్తే ఆమె కళ్లు మూసుకుని, కుడిచేత్తో నేల మీద లేని పిడి పట్టుకుని తిప్పుతోంది. నేను తలుపు తెరిచే ఉంచి, హాల్లోకి పరుగెత్తి ల్యాప్‌టాప్ మీట నొక్కాను.

"రాయి రాయి నడుమ రాగులకేం దిక్కు, అత్తా ఆడబిడ్డల నడుమ నాకేం దిక్కు..."

ఒకదాని తర్వాత ఒకటి పాటలు వచ్చాయి. గ్రైండర్ ఆగితే పాట ఆగుతుందని మా ఆవిడ ఉద్దిపప్పు అయ్యాక శనగపప్పు వేసింది, అది అయ్యాక బియ్యం వేసింది, చివరికి పెద్దమ్మ తెచ్చిన రాగులే నానబెట్టకుండా వేసేసింది. గోడ అవతల మోటారు చప్పుడు కూడా లేదు. ల్యాప్‌టాప్ పాత బ్యాటరీ ఎర్రబడింది. చార్జర్ పెడితే గుయ్యి, పెట్టకపోతే చీకటి. ఒక్కో పాటకూ పరుగెత్తి దాచుకుంటూ వచ్చాను. చివరి పాట మధ్యలో తెర కన్ను మూసింది. ఆ సంగతి పెద్దమ్మతో చెప్పేలోపు ఆమె బస్సుకు టైమైంది. గట్టిగా కాలిన వడలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

తులసికోట చుట్టూ నా పరుగులు గోడ మీంచి చూశాడో ఏమో, మర్నాడు అన్న ఒక రాగి పట్టీ పట్టుకుని గోడ దిగాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, నా ఉప్పుగుంతనూ తన బోరు పైపునూ కలిపించి ఒకే ఎర్తు చేశాడు. నిన్న మోటారు ఎందుకు ఆపావని అడిగాను.

"పెద్దమ్మ పాడతా ఉంటే మోటారు యాడ వేస్తారప్పా?"

ఇందులో ఏదో ఉందని ఇప్పటికీ నా అనుమానం.

ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు మాత్రం బొంగురు పోయింది. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఫోన్లో పాట వినిపించాను. పెద్దమ్మ మొహం చిట్లించింది. మాట గరగరమంటూ వచ్చింది.

"ఎవుర్రా ఇది?"

"నువ్వే పెద్దమ్మా."

"నేను కాదు. ఎవుర్నో పిలిపించి పాడిచ్చినావు. నీ మొగం నాకు తెలీదా?"

నేను ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపింది. తన గొంతు బయటి నుంచి ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ వినలేదు, ఇప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ గొంతూ లేదు. పాట సాగుతూనే ఉంది. కాసేపటికి చెయ్యెత్తింది.

"ఆగు. ఆ వెనక సద్దు మీ ఇంటి గ్రైండర్ కదా? ఒక పక్క రాయి అరిగి టక్కు టక్కుమంటాది."

"అదే పెద్దమ్మా."

"అయితే నేనే."

కళ్లు మూసుకుని అన్ని పాటలూ వింది. చివరి పాట సగంలో తెగిపోగానే కళ్లు తెరిచింది.

"తక్కింది యాడ?"

"ల్యాప్‌టాప్ ఆరిపోయింది పెద్దమ్మా."

"నువ్వే మింగినావు" అని, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మూతి దగ్గర పెట్టుకుంది. "నొక్కు."

నొక్కాను. దుప్పటి మీద ఆమె కుడిచెయ్యి గుండ్రంగా తిరగడం మొదలైంది. ఆ బొంగురు గొంతుతోనే మిగిలిన సగం అందుకుంది.