నీలం తేలని పిన్ను

ఆమెను ఆ వీధంతా కొలిమి వదిన అంటారు. భర్త పోయాక, పనిముట్లకు పదును పెట్టే షెడ్డును పదహారేళ్ళుగా తనే నడుపుతోంది. మరిది తోడుంటాడు. అతని చేతిలో పని ఆగినా నోట్లో వేళాకోళం ఆగదు.

ఉక్కు సంగతి విచిత్రం. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే రాయిలా గట్టిపడుతుంది, కానీ పెళుసెక్కుతుంది. మళ్ళీ సన్నని సెగ మీద వెచ్చబెట్టాలి. రుద్ది మెరిపించిన చోట ముందు గడ్డిరంగు, తర్వాత ఊదా, ఆఖరున నీలం తేలుతాయి. నీలం వచ్చాక తీస్తేనే దెబ్బకు ఓర్చుకుంటుంది. గట్టివాడే బలవంతుడని నమ్మి చెడినవాళ్ళు మనుషుల్లోనూ కొల్లలు; ఆ పురాణం విప్పితే ఇప్పట్లో ముగియదు.

ఆ ఉదయం వదిన బజారుకు వెళ్ళింది. మరిది బొటనవేలంత లావు ఉక్కు పిన్నులు రెండు కాల్చి ముంచాడు. గీసి చూస్తే ఆకురాయి జారిపోయింది. ఇంత గట్టిపడ్డాక ఇంకేం కావాలనుకుని రెండో సెగ ఎగ్గొట్టాడు. ఒక పిన్ను పట్టుకెళ్ళి, నాలుగంతస్తుల మేడకు రంగులేసే ఉయ్యాల బరువు మోసే కప్పీకి బిగించాడు.

తిరిగొచ్చిన వదిన మోచేయి తగిలి రెండో పిన్ను గచ్చు మీద పడింది. టంగుమని రెండు ముక్కలైంది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుపు. పైన నీలం జాడే లేదు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. సంచి అక్కడే పడేసి పరుగెత్తింది.

ఉయ్యాల మూడో అంతస్తు కిటికీ పక్కన వేలాడుతోంది. మీద ముసలి రంగుల మేస్త్రీ, పక్కనే బిగింపు చూడ్డానికెక్కిన మరిది.

"ఏం వదినా, నా పనితనం చూడ్డానికొచ్చావా? ఉండు, ఎగిరి చూపిస్తా."

"రెండోది విరిగిందిరా. కింద పడితేనే రెండు ముక్కలు."

మరిది నవ్వు సగంలో ఆగింది. వంచిన మోకాళ్ళు వంచినట్టే ఉండిపోయాయి.

"దించేయమంటారా?" డాబా మీద కప్పీ దగ్గరున్న మనిషి అడిగాడు.

"వద్దు, కుదుపు తగులుతుంది. ఎవరూ దేన్నీ ముట్టుకోకండి."

వదిన మెట్లెక్కి కిటికీ చేరి చెయ్యి చాపింది. "ముందు పెద్దాయన్ని పంపు."

"ఈ రంగు డబ్బా అందుకోమ్మా," అన్నాడు మేస్త్రీ.

"డబ్బా కోసం ఇంట్లో ఎవరూ ఎదురుచూడరు తాతా. నువ్వు రా."

మేస్త్రీ కడుపు మీద పాకి లోపల పడ్డాడు. బరువు తగ్గిన ఉయ్యాల గోడకు జానెడు దూరం జరిగింది. పైన కప్పీ కిర్రుమంది.

"వదినా, ఆ రెండో సెగ నేను..."

"తెలుసు. తిట్లు తర్వాత. కుడికాలు ముందు."

అతను కాలు కిటికీ గట్టు మీద పెట్టగానే చొక్కా పట్టి లాగింది. ఇద్దరూ కూలబడ్డారు.

ఖాళీ ఉయ్యాలను దించి, పిన్ను విప్పి తెచ్చిన కప్పీ మనిషి, "చిన్న చీలికైనా లేదు, ఊరికే హడలగొట్టారు," అన్నాడు. వదిన దాన్ని రెండు ఇటుకల మీద ఆనించి, సుత్తి మరిది చేతికిచ్చింది. అతను దాన్ని ఎత్తి మళ్ళీ దించేశాడు. మేస్త్రీయే అందుకుని ఒక్కటేశాడు. ముక్క ఎగిరి గోడకు తగిలింది.

"కొత్తది ఎవరు చేస్తారు?" అడిగాడు మేస్త్రీ.

"వీడే. నేను పక్కన కూర్చుంటా."

"కూర్చో తల్లీ. కానీ ఉయ్యాల మీద ముందు వీణ్ణే ఎక్కించు, ఒక్కణ్ణే."

మరిది తలూపాడు.