చక్కెర మానేసిన లిలువా అత్త

ఆ రోజుల్లో, నాకు తెలిసినదేదైనా ఎదుటివాళ్లకు ఇట్టే అర్థమయ్యేలా చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడా నమ్మకం పోయింది, ఉద్యోగం మాత్రం ఉంది.) కోల్‌కతాలో హెచ్ఐవీ మందులిచ్చే కేంద్రంలో కౌన్సెలర్‌గా కొత్తగా చేరాను. అక్కడ తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి లిలువా అత్తను నా ముందు కూర్చోబెట్టారు. చుట్టరికమేమీ లేదు. లిలువా రైల్వే కాలనీలో ఊడ్చే పని చేసేది, అలా నాకు లిలువా అత్త అయింది. భర్త ఆ జబ్బుతోనే పోయాడు. బడికెళ్లే కూతురికి ఇక తనే దిక్కు.

పరీక్షలో కనబడినవి యాంటీబాడీలని, అవి ఒంటిని కాపాడే సిపాయిలని మొదటిరోజే చెప్పేశాను. అత్త తలెత్తి చూసింది. "సిపాయిలుంటే మరి మాత్రలెందుకమ్మా? ఆల్లేటి సేస్తన్నారు?" అంది. ఇక నన్నెవరు ఆపగలరు? ఈ వైరస్ మన కణంలోనే పుట్టి, ఆ కణం తయారుచేసిన చక్కెరనే ఒంటినిండా కప్పుకుని బయటికొస్తుందనీ, సిపాయిలు చూసి మనవాడేలే అని వదిలేస్తారనీ, ఒకవేళ ఆనవాలు పట్టినా ఈలోపు అది రూపు మార్చేస్తుందనీ చేతులు తిప్పుతూ చెప్పాను. "మాయలమారి ముండ" అంది అత్త. పాఠం బాగా ఎక్కిందని మురిసిపోయాను.

మరుసటి నెల అత్త రాలేదు. ఆ తర్వాత కూతురి భుజం పట్టుకుని వచ్చింది. మనిషి చిక్కి సగమైంది, నోరంతా పూసింది. మాత్రలు వేసుకోవట్లేదా అని అడిగాను. "ఇంకెందుకమ్మా? సెక్కర మానేసినాను గదా. ఇంకేటి కప్పుకుంటాదది?" అంది. టీలో మానేసిందట, దసరా పూజలకి పక్కింటి బెంగాలీ వదిన పంపిన సందేశ్ మిఠాయి కూడా తిప్పి పంపేసిందట. (ఈ ఊళ్లో అంతకు మించిన తపస్సు లేదు.) నవ్వు గొంతుదాకా వచ్చింది. కూతురు నావైపే చూస్తోంది. ఆ చక్కెర పాఠం చెప్పింది నేనే.

ఈసారి చేతులు తిప్పలేదు. "అది నువ్వు తినే చక్కెర కాదత్తా, ఒళ్లు తనంతట తాను చేసుకునేది. తిన్నా మానినా ఉంటుంది. వైరస్‌ను పెరగనివ్వనివి మాత్రలే. ఆపితే మళ్లీ పెరుగుతుంది" అన్నాను. "అయితే సిపాయిలు ఉత్త దండగేనా?" అంది అత్త. "దండగ కాదు. పాపం, వాళ్లు దాని నిన్నటి మొహం కోసం వెతుకుతుంటారు." "ఆల్లకి బుద్ధొచ్చే మందు రాదా మరి?" "ఎందరో ఆ పనిమీదే ఉన్నారు. ఇంకెంత, రెండు మూడేళ్లు" అన్నాను, సైన్సంతా నన్నడిగే నడుస్తున్నట్టు.

ఆ మందు ఇంకా రాలేదు. అత్త మళ్లీ మాత్రలు మానలేదు. జుట్టు నెరిసింది, కూతురు ఉద్యోగంలో చేరింది. మొన్న మాత్రలు తీసుకుని లేస్తూ, "ఆ మందు సంగతేటి?" అనడిగింది. తెలీదత్తా అన్నాను. "అప్పుడు రెండు మూడేళ్లన్నావు. అందాకా బతికుంటే సాలనుకుని మాత్ర ఏసుకున్నాను. ఇన్నేళ్లని సెప్పుంటే ఏసుకుందునో లేదో" అంది.

ఆ వయసులో అత్తకు నేను ఎన్నో నిజాలు చెప్పాను. ఆమెను నిలబెట్టింది మాత్రం, నాకే తెలియకుండా చెప్పిన ఆ ఒక్క అబద్ధం.